ఊసరవెల్లికి ఇంట్లో ఎండ

"తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు" అని మనవాళ్లు ఒక సామెత చెబుతారు గానీ, తొండ ఎంత ముదిరినా తొండగానే ఉంటుంది. ఊసరవెల్లిది వేరే కుటుంబం. ప్రపంచం మొత్తం మీద రెండు వందలకు పైగా రకాలున్నాయి, అందులో దాదాపు సగం ఒక్క మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. మన దేశంలో ఉన్న ఊసరవెల్లిని చట్టం కాపాడుతోంది కనుక దాన్ని ఎవరూ పట్టి పెంచరాదు. ఆ సంగతి చివర చెబుతాను. ఇక్కడ రాయబోయేది విదేశాల్లో ఇళ్లలో పెంచే ఊసరవెల్లి గురించి, అందులోనూ దాని పంజరం మీద వెలిగే లైట్ల గురించి.

మన పత్రికకు ఇదేం విషయమని కొందరు పాఠకులు అనుకోవచ్చు. అయితే ఒక్కసారి ఆలోచించండి. బరంపురంలో గానీ, బళ్లారిలో గానీ, హోసూరులో గానీ మన కుటుంబాల్లో ఎవరో ఒకరి పిల్లలు అమెరికాలో లేని ఇల్లు ఇప్పుడు అరుదు. మనం చూడబోయి రెండు మూడు నెలలు అక్కడ ఉంటాం. పగలంతా వాళ్లు ఆఫీసులకు, పిల్లలు బళ్లకు వెళతారు. ఇంట్లో మిగిలేది మనమూ, వాళ్లు పెంచుకునే జీవాలూ. పట్టపగలు పంజరం మీద రెండు మూడు లైట్లు వెలుగుతుంటే, కరెంటు వృథా అని స్విచ్చి ఆర్పేసే చెయ్యి మనదే. ఆ స్విచ్చి వెనక ఒక జీవి ఎముకలు ఉన్నాయని నాకూ 2024 జనవరి దాకా తెలియదు.

మా పెద్దక్క కొడుకు టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ప్లేనోలో ఉంటాడు. నెల రోజులు సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల పన్నెండేళ్ల అబ్బాయి పెంచుతున్నది వెయిల్డ్ కమీలియన్ అనే రకం. దాని సొంత ఊరు యెమెన్, దాని పక్కనే ఉన్న సౌదీ అరేబియా నైరుతి మూల. తల మీద కిరీటంలాగా నిలువుగా లేచిన ఎముక పలక ఉంటుంది. పచ్చగా ఉందని వాడు దానికి "గోంగూర" అని పేరు పెట్టాడు. తెలుగు మాట్లాడటానికి బద్ధకించే పిల్లవాడి నోట రోజుకు నూరుసార్లు ఆ మాట వినబడటం నా వరకు లాభమే.

కానీ గోంగూర ఆరోగ్యం బాగా లేదు. ముందు కాళ్లు కొద్దిగా విల్లులా వంగాయి. పురుగు మీదికి నాలుక విసిరితే సగం దూరంలోనే ఆగిపోయేది. ఇలాంటి జీవాలను చూసే పశువైద్యురాలు ఎక్స్‌రే తీసి, ఎముకల్లో కాల్షియం తగ్గిపోయిందని, దీన్ని మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారని, ఇంట్లో పెంచే ఊసరవెల్లులకు తరచుగా వచ్చేది ఇదేనని చెప్పింది. తర్వాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న తిండి గురించి కాదు, "ఏ లైటు వాడుతున్నారు?" అని.

వాడుతున్నది దుకాణంవాళ్లు జీవితో పాటు ఒక సెట్టుగా అంటగట్టిన సరంజామా. అద్దాల పెట్టె, మెలికలు తిరిగిన చిన్న బల్బు ఒకటి, రాత్రికి ఎర్ర బల్బు ఒకటి. "డబ్బా మీద ఊసరవెల్లి బొమ్మే ఉంది కదా మామయ్యా, ఇంకేం చూస్తాం?" అన్నాడు మా మేనల్లుడు. బ్యాంకులో మేము బస్తా మీద రాసిన బరువు చూసి సరుకు మీద అప్పివ్వం. గోడౌనుకు వెళ్లి తూకం వేయిస్తాం. ఈ లైట్ల వ్యవహారంలోనూ అదే పద్ధతి అవసరమని ఆ నెల రోజుల్లో నాకు అర్థమైంది.

వెలుగు, వేడి, యు.వి.బి.

సూర్యుడు ఒకేసారి ఇచ్చేవి మూడు. కంటికి కనిపించే వెలుగు, ఒంటికి తగిలే వేడి, కంటికీ ఒంటికీ తెలియని అతినీలలోహిత కిరణాలు. ఈ మూడో దానిలో యు.వి.బి. అనే భాగం చర్మం మీద పడితే, చర్మంలో ఉండే ఒక పదార్థం డి3 విటమిన్‌కు ముందు రూపంగా మారుతుంది. అది అసలు డి3గా పాకానికి రావాలంటే ఒంట్లో వెచ్చదనం కూడా ఉండాలి. ఊసరవెల్లికి మనలాగా సొంత వేడి లేదు, బయటి నుంచి తెచ్చుకోవలసిందే. కాబట్టి యు.వి.బి. ఉండి వేడి లేకపోయినా, వేడి ఉండి యు.వి.బి. లేకపోయినా పని సగంలో ఆగుతుంది. డి3 చాలకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. అప్పుడు శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. రాబడి ఆగిన కుటుంబం అసలు సొమ్ములోంచి తిన్నట్టు, బయటికి చాలాకాలం ఏమీ తెలియదు. కాళ్లు వంగి కనబడేసరికి ఖాతా దాదాపు ఖాళీ అయి ఉంటుంది.

మామూలు బల్బులో వెలుగు, వేడి ఉంటాయి, యు.వి.బి. ఉండదు. మొక్కల కోసం పెట్టే ఎల్.ఇ.డి. పట్టీలో వెలుగు మాత్రమే ఉంటుంది. యు.వి.బి. ట్యూబ్‌లైటులో యు.వి.బి.తో పాటు కొంత వెలుగు ఉంటుంది గానీ చలి కాచుకునేంత వేడి ఉండదు. ఈ మూడూ వేర్వేరు పద్దులు, ఒకదాంట్లో మిగులు చూపించి ఇంకోదాని లోటు పూడ్చలేం. అన్నీ ఒకే బల్బులో ఇచ్చే మెర్క్యురీ వేపర్ బల్బులూ ఉన్నాయి. అవి పెద్ద ఎడారి జీవాలకు పనికొస్తాయేమో గానీ, ఊసరవెల్లి లాంటి సన్నని ఒంటికి వేడీ కిరణాలూ రెండూ ఒకేసారి మితిమీరుతాయి. వేడి తగ్గిద్దామని బల్బును జరిపితే యు.వి.బి. కూడా తగ్గిపోతుంది. విడివిడిగా పెట్టుకుంటే విడివిడిగా సర్దుకోవచ్చు.

ఇంకో మాట. కిటికీ దగ్గర పెడితే చాలదా అని మనకు తోస్తుంది. మామూలు కిటికీ అద్దం వెలుగును, వేడిని రానిస్తుంది గానీ యు.వి.బి.ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. (మోకాళ్ల నొప్పులని కిటికీ అద్దం వెనక కూర్చుని డి విటమిన్ కోసం ఎండ కాగే నా వయసువాళ్లు కూడా ఇది గమనించాలి.) పైగా గాజు పెట్టెను ఎండలో పెడితే కొద్దిసేపట్లోనే లోపల పొయ్యి అవుతుంది, జీవి ప్రాణానికే ముప్పు.

ఎంత యు.వి.బి. కావాలి?

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో ఒకరు గేరీ ఫెర్గూసన్. ఆయన పనిచేసిన టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ మా మేనల్లుడి ఇంటికి గంట ప్రయాణ దూరంలో, ఫోర్ట్ వర్త్‌లోనే ఉంది. ఆయన బృందం బల్లులు, పాములు ఉండే చోట్లకే వెళ్లి, అవి తమంతట తాము ఎంత ఎండలో ఉంటాయో కొలిచి, 2010లో ఫలితాలు ప్రకటించింది. దాన్ని బట్టి సరీసృపాలను నాలుగు తరగతులుగా విడదీశారు. ఒకవైపు నీడలో గడిపేవి, ఇంకోవైపు మిట్టమధ్యాహ్నపు ఎండకు ఓర్చేవి. ఈ పద్ధతిని ఫ్రాన్సెస్ బెయిన్స్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు, ఆమెతో పనిచేసినవాళ్లు 2016 నాటికి రెండు వందల యాభైకి పైగా జీవాలకు విస్తరించారు.

వాతావరణ వార్తల్లో "యు.వి. సూచిక" అని ఒక అంకె చెబుతారు. మన వైపు వేసవి మధ్యాహ్నం అది 11 దాటుతుంది. వెయిల్డ్, పాంథర్ రకాల ఊసరవెల్లులకు, అవి ఎండ కాగే కొమ్మ దగ్గర ఆ సూచిక 3 ప్రాంతంలో ఉంటే సరిపోతుందని అనుభవజ్ఞులు చెబుతారు. అక్కడి నుంచి కిందికి, పక్కలకు తగ్గుతూ ఆకుల మాటున సున్నాకు రావాలి. ఈ తగ్గుదల, ఈ నీడ, లైటు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. ఎందుకంటే దీనికి మించిన లెక్కల గుమాస్తా ఇంకొకడు లేడు. తిండిలో డి3 తక్కువైన పాంథర్ ఊసరవెల్లులు తామే యు.వి. కాంతిలోకి ఎక్కువగా వస్తాయని, డి3 ఎక్కువైనవి తక్కువగా వస్తాయని ఫెర్గూసన్ తదితరులు 2009లోనే చూపించారు. మనం చేయవలసిందల్లా ఎండా నీడా రెండూ ఇచ్చి ఎంచుకునే వీలు కల్పించడం. పంజరమంతా లైటు నింపి, ఎక్కడికి పోయినా తప్పించుకోలేని విధంగా చేస్తే మంచి లైటూ హాని చేస్తుంది.

ఆచరణలో దీనికి ఎక్కువమంది వాడేది టీ5 హై అవుట్‌పుట్ అనే సన్నని పొడవాటి ట్యూబ్‌లైటు. దాని మీద 5.0 అని గానీ 6 శాతం అని గానీ ఉంటుంది. కంపెనీని బట్టి ఆ అంకెలు మారతాయి, రెండూ దాదాపు ఒకే శక్తి. పైన మెరిసే రేకు ఉన్న ఫిట్టింగులో దాన్ని బిగించి జాలీ పైన పెడితే, కొమ్మ మీద కూర్చున్న ఊసరవెల్లి వీపుకు, ట్యూబుకు మధ్య సుమారు 8 నుంచి 10 అంగుళాలు ఉండాలి. కొమ్మకు కాదు, వీపుకు. ఇది చాలామంది మరిచిపోతారు. సన్న జాలీ ఒక్కటే మూడో వంతు కిరణాలను మింగేస్తుంది. 10.0, 12 శాతం అని ఉన్నవి దీనికి రెట్టింపు ఘాటు కలవి, దూరం పెంచకుండా వాడితే చర్మానికీ కంటికీ ముప్పు. పెద్ద అంకె ఉంటే మంచి సరుకు అనుకునే అలవాటు మన రక్తంలో ఉంది. ఇక్కడ అది పనికిరాదు.

మెలికల బల్బు సంగతేమిటంటే, దాని కిరణాలు ఒక చిన్న చోట మాత్రమే పడతాయి, కాస్త దూరం పోతే ఏమీ మిగలదు. గోంగూర కూర్చునే చోటికి అది అందలేదు. 2000 తర్వాతి పదేళ్లలో మార్కెట్లో వచ్చిన కొన్ని యు.వి.బి. బల్బులు ఎండలో లేని మరీ తీవ్రమైన కిరణాలను విడుదల చేసి, జీవాల కళ్లు వాచిపోయిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. తర్వాత తయారీ మెరుగుపడింది. అయినా ట్యూబులైటు ఉండగా అటు పోవలసిన పని లేదు.

అసలు చిక్కు ఏమిటంటే యు.వి.బి. తరిగిపోయినా ట్యూబు తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, చూసి కనిపెట్టలేం. సాధారణంగా టీ5 ట్యూబును ఏడాదికొకసారి మార్చమంటారు. కచ్చితంగా తెలియాలంటే సోలార్‌మీటర్ 6.5 అనే చేతి పరికరం ఉంది, యు.వి. సూచికను అంకెలో చూపిస్తుంది. ధర రెండు వందల డాలర్ల పైచిలుకు. ఒక ఊసరవెల్లి కోసం అంత ఖర్చా అని నోరు తెరిచాను. కానీ ఇలాంటి జీవాలను పెంచేవాళ్ల సంఘాల్లో దాన్ని ఎరువిచ్చే వాళ్లుంటారు. మావాడికి అలాగే దొరికింది. గోంగూర పాత కొమ్మ దగ్గర పెట్టి చూస్తే మీటరు 0.2 చూపించింది. పిల్లవాడి ముఖం చూడలేకపోయాను. కొత్త ట్యూబు పెట్టి, కొమ్మను రెండుసార్లు పైకీ కిందికీ జరిపాక 2.9 వచ్చింది. వాడు ఆ అంకెను తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆ అలవాటు చూసి మురిసిపోయాను.

వేడి దగ్గర అసలు ప్రమాదం

యు.వి.బి. చాలకపోతే జీవి నెలల మీద చెడుతుంది. వేడి ఎక్కువైతే ఒక్క పూటలో చెడుతుంది. ఊసరవెల్లికి వేడి కావాలనిపిస్తే ఒంటిని పలుచగా వెడల్పు చేసి, రంగు నలుపు చేసుకుని బల్బు వైపు తిరుగుతుంది. గది చల్లగా ఉంటే ఒళ్లంతా వెచ్చబడక, పైకి జరుగుతూనే ఉంటుంది. ఈలోగా బల్బుకు దగ్గరగా ఉన్న తల కిరీటం, వెన్ను అంచు కాలిపోతాయి. ఆ కాలిన మచ్చ రెండు మూడు రోజుల తర్వాత గానీ నల్లబడి బయటపడదు.

కాబట్టి వేడి బల్బు ఎప్పుడూ పంజరం బయట, జాలీ పైన ఉండాలి. లోపల ఉంటే అది జాలీకి వేలాడి బల్బును పట్టుకుంటుంది. అరవై వాట్ల లోపు బల్బు చాలామందికి సరిపోతుంది, గది చల్లదనాన్ని బట్టి హెచ్చుతగ్గులు ఉంటాయి. పెద్ద మగదానికి ఎండ కాగే కొమ్మ దగ్గర 29 డిగ్రీల సెల్సియస్, ఆడవాటికి, పిల్లలకు 27 డిగ్రీలు ఉంటే చాలు. మిగతా పంజరం 22 నుంచి 26 మధ్య ఉండవచ్చు. 29 అంటే మన బరంపురంలో ఫిబ్రవరి మధ్యాహ్నం. ఎడారి దేశపు జీవి కదా అని 40 డిగ్రీలు పెట్టే వాళ్లున్నారు. ఇది యెమెన్ కొండల్లో చెట్ల మీద ఉండే జీవి, ఇసుకలో పాకేది కాదు.

కొలవడానికి గోడకు అంటించే గుండ్రటి థర్మామీటరు వద్దు. తీగ చివర కొలిచే ముక్క ఉన్న డిజిటల్ థర్మామీటరు కొని, ఆ ముక్కను జీవి వీపు ఉండే ఎత్తులో కట్టాలి. అది లేనప్పుడు ముంచేయి వెనక భాగాన్ని అదే ఎత్తులో ఒక నిమిషం ఉంచండి. చురుక్కుమంటే దానికీ చురుక్కుమంటుంది. వేడి బల్బు పంజరం ఒక చివర, యు.వి.బి. ట్యూబు అదే కొమ్మ మీదుగా పొడవునా ఉంటే, వెచ్చబడుతూనే కిరణాలు తీసుకుంటుంది. అడవిలో జరిగేదీ అదే.

రాత్రి ఏ లైటూ వద్దు. ఎర్రబల్బు దానికి కనబడదని దుకాణంలో చెప్పారట. కనబడుతుంది, నిద్ర చెడుతుంది. పగలు 12 గంటలు వెలుగు, రాత్రి 12 గంటలు కటిక చీకటి, ఇంటి చల్లదనం. రాత్రికి 18 డిగ్రీలకు దిగినా ఈ రకానికి మంచిదే. ఇల్లు మరీ గడ్డకట్టే చలిగా ఉంటేనే వెలుగు లేని పింగాణీ హీటరు అవసరం. వేడెక్కే రాళ్లని అమ్ముతారు, వాటి జోలికి పోకండి. స్విచ్చి మన చేతుల్లో పెట్టకుండా టైమరుకు అప్పగించడం అన్నిటికన్నా ఉత్తమం. ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు మరీను.

లైట్ల వల్ల జీవికే కాదు, ఇంటికీ ప్రమాదం ఉంది. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు సాధారణంగా తాగదు. ఆకుల మీది బిందువులు నాకుతుంది. అందుకని రోజూ పంజరంలో నీళ్లు చిమ్ముతారు. వేడి బల్బు మీద చల్లటి నీటి చుక్క పడితే పగులుతుంది. వైరు వెంట నీరు జారి ప్లగ్గులోకి పోకుండా, ప్లగ్గు కన్నా కిందికి వైరు ఒక వంపు తిరిగి వేలాడేలా ఉంచాలి. హోల్డరు పింగాణీది కావాలి. ప్లాస్టిక్‌ది కరుగుతుంది. చిమ్టా పట్టుతో బిగించే గిన్నె లైట్లు పిల్లవాడి మోచెయ్యి తగిలితే జారి కర్టెను మీద పడవచ్చు కనుక గొలుసుతో వేలాడదీయాలి. మావాడు రెండు గొలుసులు కట్టాడు.

డాక్టరమ్మ చెప్పిన తిండి సంగతీ ఇందులో భాగమే. మామూలు పురుగుల్లో కాల్షియం బాగా తక్కువ కనుక ప్రతిసారీ డి3 లేని కాల్షియం పొడి అద్ది పెట్టమంది. డి3 కలిసిన పొడి నెలకు రెండుసార్లు మాత్రమే. లైటు సరిగా లేదని పొడిలో డి3 పెంచితే, అది ఒంట్లో పేరుకుని మూత్రపిండాలను పాడుచేస్తుంది. చర్మంలో తయారయ్యే డి3కి శరీరమే హద్దు వేసుకుంటుంది, నోటితో మింగినదానికి ఆ హద్దు లేదు. ఎండ రోజుల్లో, గాలి 21 డిగ్రీలు దాటినప్పుడు, నీడ ఉన్న జాలీ పంజరంలో బయట పెడితే అంతకన్నా మంచి లైటు లేదు. టెక్సాస్‌లో ఆ వెసులుబాటు ఏడాదిలో చాలా నెలలు ఉంటుంది.

పగలు ఇంట్లో ఉండే పెద్దలు గమనించవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఉదయం కాసేపు నల్లబడి లైటు కింద కూర్చుని తర్వాత పచ్చబడి దిగిపోతే అంతా సవ్యం. రోజంతా అక్కడే నల్లగా కూర్చుంటే వేడి చాలడం లేదు. రంగు వెలిసిపోయి, నోరు తెరిచి ఉంటే వేడి మించింది. పగలు కళ్లు మూసుకుని ఉంటే మాత్రం సాయంత్రం దాకా ఆగక వెంటనే ఫోన్ చేయండి.

గోంగూర నాలుక రెండు నెలలకు మళ్లీ దూరం అందుకుంది. ముందుకాలు ఒకటి మాత్రం వంకరగానే మిగిలిపోయింది. వంగి గట్టిపడిన ఎముక తిరిగి నిటారు కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ వంకర కాలితోనే కొమ్మ ఎక్కుతుంది.

ఇక మన దేశం సంగతి. మన ఊసరవెల్లిని పట్టడం, పెంచడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. విదేశీ రకాలు అంతర్జాతీయ వర్తక ఒప్పందమైన సైటీస్ జాబితాలో ఉన్నవి కనుక, 2022లో చట్టానికి చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, వాటిని ఉంచుకున్నవాళ్లు కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. అలా కాగితాలు సక్రమంగా ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. అమెరికా నుంచి ఎవరైనా అక్కడి బల్బు తెచ్చిస్తే తగిలించకండి. అది 120 వోల్టుల సరుకు, మన 230 వోల్టులకు పేలిపోతుంది.

నేను తిరిగి వచ్చాక, నా లైట్ల పాండిత్యం విని మా వీధిలో ఒకాయన వెదురుబుట్టలో ఒక ఊసరవెల్లిని పట్టుకొచ్చి, "ఏ లైటు కొనమంటారు సార్?" అని అడిగాడు. ఎక్కడ దొరికిందో కనుక్కుని, ఇద్దరం వెళ్లి ఆ కానుగ చెట్టు మీదే వదిలాం. ఉదయం తొమ్మిదిన్నర అయింది, చెట్టుకు తూర్పు వైపు ఎండ పడుతోంది. అది ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కు ఊగుతూ ఆకుల్లోకి పోవడానికి పావుగంట పట్టింది.